ముద్రలమ్మగారి కార్డు

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా వాళ్లకొక కార్డు ఇస్తాం. కొట్లో కొన్నది కాదు, చేత్తో చేసింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ కార్డులు చేస్తున్నది నేను. ఈ నెలాఖరున రిటైరవుతున్నది కూడా నేనే. గొడవంతా అక్కడే వచ్చింది.

మాది తూనికలు కొలతల ఆఫీసు. బజారులో కొట్లవాళ్లు వాడే తూకపురాళ్లు, కాటాలు, కొలబద్దలు మా దగ్గరికి వస్తాయి. ఇన్‌స్పెక్టర్లు వాటిని సరిచూస్తారు. సరిగ్గా ఉంటే నేను ముద్ర వేస్తాను. రాయి అడుగున చిన్న గుంట, గుంటలో సీసం. ఆ సీసం మీద ఉక్కు అచ్చు నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. రెండో దెబ్బ వేస్తే ముద్ర జంటగా పడి రాయి పనికిరాకుండా పోతుంది. ఈ పని వల్లే అందరూ నన్ను ముద్రలమ్మ అంటారు. మా చెల్లెలు కూడా కోపం వస్తే ముద్రలమ్మగారూ అనే పిలుస్తుంది.

నేను చేరిన ఏడాదే అప్పటి ఆఫీసరుగారు రిటైరయ్యారు. ఒక కార్డు కొనిస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. ఎవరు వెళ్లి కొనాలన్నదాని మీద రెండు రోజులు మాటలు నడిచాయి. నేను కొత్తగా చేరినదాన్ని, ఉత్సాహం ఎక్కువ. రాళ్ల పెట్టెల్లో పరిచే ఆకుపచ్చ ముఖమల్ అంచులు కోయగా మిగిలిన పీలికలు, పొట్లాలు కట్టే ఎర్రదారం, పాత ఫైలు అట్ట, ఎవరి బట్టల నుంచో రాలిపడ్డ రెండు గుండీలు కలిపి ఒక కార్డు చేశాను. ఆ ఆఫీసరుగారు నవ్వితే నేరమన్నట్టు ఉండే మనిషి. అలాంటాయన ఆ కార్డు రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దాటేదాకా కిందికి దించలేదు. అప్పటి నుంచి అది ఆనవాయితీ అయింది.

ఆనవాయితీ అన్నాక నియమాలుండాలి కదా. అవీ నేనే పెట్టాను, నన్నెవరూ అడగలేదు. కార్డు కోసం ఏదీ కొనకూడదు. ఆఫీసులో మిగిలినవాటితోనే చెయ్యాలి. అవసరానికి తీసుకున్నాక మిగిలిందే మిగులు. మిగలాలని కోసింది మిగులు కాదు, దొంగతనం. ఎవరికోసం చేస్తున్నామో వాళ్లు దాన్ని ముందుగా చూడకూడదు, చెయ్యి పెట్టకూడదు. లోపల ఒకే ఒక్క వాక్యం రాయాలి. అది నిజమై ఉండాలి, అందరికీ తెలిసిన నిజం కాకూడదు.

ఈ ఆఖరిదే కష్టం. “మీ సేవలు మరువలేనివి” అని ఎవరికైనా రాయొచ్చు, కాబట్టి అది ఎవరికీ రాసినట్టు కాదు. నేను ఒక్కో మనిషిని వారాల తరబడి గమనించి రాసేదాన్ని. హెడ్ గుమాస్తాకి “ఫోనులో అవతలివాళ్లు పెట్టేసేదాకా ఆగి, అప్పుడు తను పెట్టేవారు” అని రాశాను. డ్రైవరుకి “వాన పడుతుంటే బండి తీసేవాడు కాదు, కింద కుక్క పడుకుని ఉంటుందని” అని రాశాను. అతను అది చదువుకుని, ఇది మీకెలా తెలుసండీ అని నన్నే అనుమానంగా చూశాడు.

మధ్యలో ఒక్కసారే తేడా వచ్చింది. నేను ఆఫీసు పని మీద పక్క ఊరు వెళ్లిన వారంలో ఒక అటెండరు రిటైరయ్యాడు. నేను లేనని కొన్న కార్డు ఇచ్చి పంపించేశారు. మర్నాడు పొద్దున అతను మామూలుగా వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. ఇదేమిటయ్యా అంటే, “నాకింకా కార్డు రాలేదు కదండీ” అన్నాడు. తొమ్మిది రోజులు వచ్చాడు. నేను తిరిగొచ్చి కార్డు చేసిచ్చాక, లేచి స్టూలు తుడిచి వెళ్లిపోయాడు.

మిగులంతా ఒక పాత రాళ్ల పెట్టెలో దాచేవాళ్లం. అందులో ఒక్కో రాయి కూర్చోవడానికి ఒక్కో గుంట ఉంటుంది. కిలో గుంటలో గుడ్డముక్కలు, అరకిలో గుంటలో రిబ్బన్లు, వందగ్రాముల గుంటలో గుండీలు, గ్రాము గుంటలో చమ్కీలు. ఒకప్పుడు మూత పడేది కాదు, పైన ఎవరైనా కూర్చుంటే తప్ప.

రెండేళ్ల కిందట కొత్త ఆఫీసరుగారు వచ్చారు. మంచివారే. గొంతు పెంచరు, ఎవరి జోలికీ పోరు. వృథా అంటే మాత్రం ఆయనకి కిట్టదు. ఏది తెప్పించినా కొలిచి తెప్పించాలన్నారు. మాది అసలే కొలతల ఆఫీసు, కొలవమంటే మాకు పట్టపగ్గాలుండవు. పెట్టెకి ముఖమల్ ఎంత కావాలో అంతే వచ్చింది. పొట్లానికి దారం ఎన్ని చుట్లు కావాలో అన్నే వచ్చాయి. ఆర్నెల్లు తిరిగేసరికి ఆఫీసులో మిగులన్నదే లేకుండా పోయింది. పెన్సిలు చెక్కితే ఎంత పొట్టు వస్తుందో ముందే రాసిపెట్టుకుని, అంతే వచ్చిందో లేదో తూచి చూసేవాళ్లు. పైవాళ్లు మురిసిపోయి ‘వృథా లేని కార్యాలయం’ అని ఒక షీల్డు పంపారు. ఆ షీల్డుకి చుట్టి వచ్చిన బంగారురంగు కాగితం మీద నా కళ్లు పడ్డాయి. ఆఫీసరుగారు దాన్ని మడతలు చెదరకుండా విప్పి, మనం అడగనిది మన దగ్గర ఉండకూడదంటూ తిరుగు టపాలో పంపించేశారు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఈ రెండేళ్లలో ఆరుగురు రిటైరయ్యారు. పెట్టె అడుగంటింది. నా వంతు వచ్చేసరికి అందులో సగం విరిగిన గుండీ ఒకటి, చమ్కీలు పదకొండు, నాలుగు సెంటీమీటర్ల రిబ్బను ముక్క ఉన్నాయి.

“ఈ వయసులో నాకు కార్డేమిటి, పోదురూ” అని అందరి ముందూ అన్నాను. అది అబద్ధం. నాకు కార్డు కావాలి. చిన్నపిల్ల బొమ్మ కోసం నేల మీద పడి ఏడ్చినంతగా కావాలి. అట్ట కోసం, చమ్కీల కోసం కాదు. తొంభైమూడు కార్డులు చేశాను, తొంభైమూడు మందిలో తొంభైమూడు నిజాలు వెతికి పట్టుకున్నాను. నాలో ఒక్కటైనా ఎవరికైనా కనిపించిందా అన్నది నాకు తెలియాలి. నాది ముక్కు మీద కోపం. ఆ ఆఫీసులో నేను అరవని మనిషి లేడు. ముద్ర వేస్తుంటే పలకరించినవాళ్ల మీద అరుస్తాను, పలకరించకుండా పోయినవాళ్ల మీదా అరుస్తాను. ఇలాంటిదాని గురించి ఒక నిజం రాయమంటే ఎవరైనా ఏం రాస్తారు? అదే నా భయం.

కార్డు చేసే పని ఇద్దరు నెత్తిన వేసుకున్నారు. ఒకరు మా టైపిస్టు, రెండోవాడు మిల్లీమీటరు. మిల్లీమీటరు అంటే మా సీనియర్ ఇన్‌స్పెక్టరు. నీ ఎత్తెంత అని అడిగితే, పొద్దుటిదా సాయంత్రందా అని ఎదురడిగే మనిషి. పొద్దున్న లేవగానే మనిషి కాస్త పొడుగుంటాడట. అతని కొలతకి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

మొదట టైపిస్టు వచ్చింది. నా బల్ల పక్కన నిలబడి కొంగు చివర మెలితిప్పింది.

“మేడమ్, ఊరికే అడుగుతున్నాను. ఒకావిడ ఉందనుకోండి.”

“ఎవరావిడ?”

“ఎవరో లెండి. ఆవిడ రిటైరవుతోంది. పెట్టెలో ఏమీ లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలి?”

“మిగిలేదాకా ఆగాలి.”

“ఆవిడకి టైమ్ లేదు మేడమ్. ఈ నెలాఖరే.”

“అయితే ఆవిడ ఖర్మ” అన్నాను. అని, అచ్చు నిలబెట్టి సుత్తి ఎత్తాను. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. నా నాలుకని నేనే కొరుక్కోవాలనిపించింది.

మా గదికీ ఇన్‌స్పెక్టర్ల గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క. అవతల గుసగుసలాడినా ఇవతల నాకు వరసగా వినబడతాయి. విననట్టు కూర్చోవడమే పెద్ద ఉద్యోగమైపోయింది ఆ నెలంతా.

వాళ్ల మొదటి ఎత్తు కిటికీ తెరలు. పాత తెరలు జల్లెడలైపోయాయి, కొత్తవి నిజంగానే కావాలి. కుట్టించాక గుడ్డ మిగిలితే అది న్యాయమైన మిగులే. కిటికీలు కొలవాల్సింది మిల్లీమీటరు. ఉక్కు టేపు పట్టుకుని స్టూలెక్కాడు. పొద్దున ఒకసారి, ఎండెక్కాక ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచాడు, ఎండకి ఇనపచట్రం సాగుతుందని.

“ఒక నాలుగు వేళ్లు ఎక్కువ రాసెయ్యండి సార్” అని టైపిస్టు బతిమాలడం వినిపించింది.

“రాస్తానమ్మా. ముద్రలమ్మగారి కోసం ఆ మాత్రం రాయలేనా.”

పెన్ను మూత తీసిన చప్పుడైంది.

“రాశారా?”

“చెయ్యి రావట్లేదు” అన్నాడు. “మొదటి రెండంకెలు రాశాను. మూడోది దగ్గరికి వచ్చేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి.”

తెరలు వచ్చాయి. కిటికీకి అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. గుడ్డ కాదుగదా, దారం పోగైనా మిగల్లేదని దర్జీ స్వయంగా వచ్చి చెప్పాడు. ఇలాంటి కొలత తన జన్మలో చూడలేదని మిల్లీమీటరుకి చెయ్యి కలిపి మరీ వెళ్లాడు. మిల్లీమీటరు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

రెండో ఎత్తు ఆఫీసరుగారి కుర్చీ. సీటు చిరిగి కొబ్బరిపీచు బయటికొచ్చింది. ఈసారి తప్పు రాసే తీరతానని మిల్లీమీటరు టైపిస్టుకి మాటిచ్చాడు. గ్లాసుడు నీళ్లు తాగాడు, కళ్లు మూసుకున్నాడు, చకచకా ఒక అంకె రాసి కాగితం ఆమె చేతిలో పెట్టి గదిలోంచి బయటికి పరుగెత్తాడు. తప్పు అయితే రాశాడు గానీ, ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? తప్పంటూ జరిగితే కొనేవాళ్ల డబ్బు ఎక్కువ పోకూడదని గుడ్డ తక్కువ రాశాడు. సీటు కుట్టారు. ఒక మూల జానెడు మేర పీచు అలాగే ఉండిపోయింది.

ఆఫీసరుగారు ఆ మూల తప్పించి, ఒక పక్కకి ఒరిగి కూర్చుని సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. మూడో రోజున అడిగారు, “దీని కొలత తీసింది ఎవరు?”

మిల్లీమీటరుగారండీ అన్నాడు అటెండరు.

ఆఫీసరుగారు లేచి నిలబడి కుర్చీని నాలుగు వైపుల నుంచీ చూశారు. “అయితే కుర్చీ పెరిగి ఉంటుంది” అని మళ్లీ ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు.

నెలాఖరుకి ఇంకా అయిదు రోజులే ఉన్నాయనగా టైపిస్టు మళ్లీ వచ్చింది. ఈసారి కొంగు మెలితిప్పలేదు, నేరుగా విషయంలోకి వచ్చింది.

“మేడమ్, మా పాప బడిలో ఏదో బొమ్మ చెయ్యమంటే రంగుకాగితాలు, మెరుపు పొడి, లేసులు తెచ్చాం. చాలా మిగిలాయి. వాటితో ఆ ఒకావిడకి కార్డు చెయ్యొచ్చా?”

నా గుండె గంతేసింది. మెరుపు పొడి! లేసులు! చెయ్యమ్మా, ఇవాళే చెయ్యి అని నోటిదాకా వచ్చింది. కానీ నా నోటికొక రోగం ఉంది. లోపల ఏది కావాలంటే బయటికి దానికి ఎదురుమాటే వస్తుంది.

“ఇంటి మిగులు ఇంటిదే, ఆఫీసు మిగులు ఆఫీసుదే” అని గట్టిగా అరిచాను. “నియమమంటే నియమం! ఆ ఒకావిడ నన్ను కన్నతల్లి అయినా సరే, వీల్లేదు!”

“సరే మేడమ్.” వెళ్లబోయి ఆగింది. “ఇంకొక్కటి అడగనా? లోపల వాక్యం ఎలా దొరుకుతుంది మీకు? మనిషి ఎప్పుడూ అరుస్తూనే ఉంటే ఏం రాస్తారు?”

“అరుస్తుందని రాయి. నిజమేగా.”

“నిజమే. కానీ అది అందరికీ తెలుసు కదా మేడమ్. అందరికీ తెలిసింది పనికిరాదని మీరే అన్నారు.”

ఆ అమ్మాయిది వెటకారం కాదు. పాపం నిజంగానే దిక్కు తోచక అడిగింది. ఆమె వెళ్లాక నేను ఒక రెండు కిలోల రాయికి రెండు దెబ్బలు కొట్టాను. ముద్ర జంటగా పడింది. ముప్పై ఒక్క ఏళ్లలో అలా పడటం అదే మొదలు. దాన్ని ఎవరికీ కనబడకుండా బల్ల కిందకి తోసేశాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా చెల్లెలి మీద పడ్డాను. చెల్లెలు పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నోళ్లు తెరిపించడం దానికి వృత్తి. జరిగిందంతా విని, తల పట్టుకుంది.

“అక్కా, నీ నోరే నీకు పగ. కార్డు కావాలని అడిగితే ఏం పోతుంది?”

“అడిగి తెచ్చుకోవడానికి కొట్టుకి వెళ్తే సరిపోయేదిగా.”

“అయితే రాకపోతే ఏడవకు.”

“ఎవరు ఏడుస్తున్నారు ఇక్కడ?” అని అరిచాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. నేను ఎవరికీ ఏమీ కానేమో అన్న ఆలోచన లోపలంతా తొలిచేసింది. నాలుగు రోజులు అలాగే ఆఫీసుకి వెళ్లాను, వచ్చాను. చెక్క అవతల గుసగుసలు కూడా ఆగిపోయాయి. చేతులెత్తేశారనుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి అందరూ ఆఫీసరుగారి గదిలో చేరారు. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి చెల్లెలు కూడా వచ్చి గోడ పక్కన కూర్చుంది. ఆఫీసరుగారు ఒక పక్కకి ఒరిగి, నేను ముప్పై ఒక్క ఏళ్ల నాలుగు నెలల పదకొండు రోజులు పనిచేశానని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. రిటైరయినట్టు ఉత్తరం ఇచ్చారు. మళ్లీ చప్పట్లు కొట్టారు. ఇక అయిపోయింది, లేద్దాం అనుకుని సంచీ తీసుకున్నాను.

అప్పుడు టైపిస్టు వెనకనుంచి వచ్చి నా ఒళ్లో ఏదో పెట్టింది.

పసుపు రంగుది. ఇటుకంత లావుంది. పువ్వు రేకుల్లా మడిచిన కాగితాలు ఒకదానికొకటి అంటించి గుండ్రంగా పేర్చారు. నడుమ సగం గుండీ ఉంది. పదకొండు చమ్కీలూ సమాన దూరంలో ఉన్నాయి, అది ఎవరి పనో చెప్పక్కర్లేదు. అంచులన్నీ వంకర. గమ్ము పక్కలకి కారి గట్టిపడింది. ఇంత ఘోరంగా కుదిరిన కార్డు మా ఆఫీసు చరిత్రలో లేదు. నాకు మాత్రం దాన్ని గుండెలకి హత్తుకోవాలనిపించింది.

“ఇంత కాగితం ఎక్కడిది?” అన్నాను.

“సెలవు ఫారాలు మేడమ్. మీవే” అంది టైపిస్టు. “రోజుకొకటి లెక్కన ఏడాదికి పదిహేనేసి ఇస్తారుగా. మీరు ఒకటో రెండో వాడి తక్కినవి సామాన్ల గదిలో పడేశారు. విరిగిన కాటా కింద దొరికాయి. నాలుగువందల పన్నెండు. అవసరానికి తీసుకున్నాక మిగిలినవే కదా?”

నాలుగువందల పన్నెండు రోజులు. చెల్లెలు ఎక్కడికైనా వెళ్దాం అక్కా అన్నప్పుడల్లా రాళ్లు పేరుకుపోయాయే అన్న రోజులు. అది జ్వరంతో పడుకుంటే మందుబిళ్లలు తలగడ దగ్గర పెట్టి పరుగెత్తుకొచ్చిన రోజులు. అన్నీ నా ఒళ్లో ఉన్నాయి, గమ్ము వాసన వేస్తూ. గోడ వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

లోపల ఏం రాశారో చూద్దామని రేకులు విప్పబోయాను.

“ఆగండి” అన్నారు ఆఫీసరుగారు. ఆయన మొహం పాలిపోయింది. “పొద్దున నేను సంతకం పెట్టింది దీని మీదేనా?”

“అవును సార్, అందరం పెట్టాం.”

“అందరూ ఎక్కడ పెట్టారో నాకు తెలియదు. నేను ‘మంజూరు చేయు అధికారి’ అని అచ్చువేసి ఉన్నచోట పెట్టాను. తేదీ వేశాను. స్టాంపు కొట్టాను. అలవాటులో పెట్టేశాను.” కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. “ఒకదానికొకటి అంటించిన కాగితాలన్నీ ఒకే దరఖాస్తు కింద లెక్క. అంటే మేడమ్ గారికి నాలుగువందల పన్నెండు రోజులు సెలవు మంజూరైంది. సెలవులో ఉన్న మనిషిని రిటైరు చెయ్యడానికి లేదు. నేను పైకి రాసి కనుక్కోవాలి. అప్పటిదాకా ఇది రికార్డు. ఇక్కడే ఉండాలి.”

చెయ్యి చాపారు.

“లోపల ఒక్క వాక్యం చూసి ఇస్తాను సార్.”

“విప్పితే అంటింపు ఊడుతుంది. రికార్డు చెదరకూడదు. నాకూ బాధగానే ఉందండీ, కానీ నియమం.”

ఆ మాట ఎంతమంది మొహాన కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఒళ్లు మండింది. ఆయన అటు పట్టుకున్నారు, నేను ఇటు పట్టుకున్నాను. ఇద్దరం పెద్దవాళ్లం, ఒక పసుపుపచ్చ ఇటుకని పట్టుకుని లాక్కున్నాం. ఒక చమ్కీ రాలింది. దాంతో నేనే భయపడి వదిలేశాను. చేతులు ఖాళీ అయ్యేసరికి, అందరి ముందూ, చిన్నపిల్లలా వెక్కిళ్లు వచ్చాయి.

ఆఫీసరుగారు నా వైపు చూడకుండా కార్డుని మిల్లీమీటరు ముందు పెట్టారు. “ఇందులో సెలవు ఫారాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, రాసి, సంతకం పెట్టివ్వండి. అది జతచేసి పంపుదాం.”

మిల్లీమీటరు కుర్చీ లాక్కున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. ఒక్కో రేకు అంచు వేలితో తాకుతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ కదల్లేదు. నా వెక్కిళ్లు ఒక్కటే వినబడుతున్నాయి. లెక్క పూర్తయ్యాక, చాలడం లేదన్నట్టు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి పెదాలు కదల్లేదు. కాగితం తీసుకుని ఒకే ఒక్క అంకె రాశాడు. సంతకం పెట్టాడు.

ఆఫీసరుగారు కాగితం అందుకుని చదివారు. వెనక్కి తిప్పి చూశారు. మళ్లీ ముందు చూశారు.

“సున్నా?”

“సున్నా, సార్.”

“నాకు పసుపు రంగు ఫారాలు కనిపిస్తున్నాయే.”

“రంగు ఉంది సార్. ఫారాలు లేవు.”

అతని నుదుటి నుంచి చెమట కారి కాలరులోకి దిగుతోంది. వేళ్లు మాత్రం ఈసారి బిగుసుకోలేదు. ఆఫీసరుగారు కార్డుని చూశారు, కాగితాన్ని చూశారు, మిల్లీమీటరుని చాలాసేపు చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి జేబురుమాలుతో జాగ్రత్తగా తుడిచారు.

“మీరు లెక్కపెట్టాక ఇంక చెప్పేదేముంది” అన్నారు. “నేనే కళ్లు చూపించుకోవాలి. ఫారాలు లేవంటే దరఖాస్తు లేదు. దరఖాస్తు లేదంటే ఇది ఉత్త కార్డే.” రాలిన చమ్కీని గోటితో తీసి, పైన పెట్టి, రెండు చేతులతో నాకిచ్చారు.

మిల్లీమీటరు నడుచుకుంటూ వెళ్లి మూల బెంచీ మీద కూర్చుని, బల్లకి తల ఆనించాడు. టైపిస్టు పరుగున వెళ్లి నీళ్లు తెచ్చింది. నేను దగ్గరికి వెళ్లి ఏదో అనబోయాను. “వద్దండి, ఇప్పుడు నన్ను పలకరించకండి” అన్నాడు తల ఎత్తకుండా. నేను ముద్ర వేసేటప్పుడు అనే మాట అది. ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశాను.

బస్టాపులో నేనూ చెల్లెలూ తప్ప ఎవరూ లేరు. రేకులు ఒక్కొక్కటే విప్పాను. అడుగున టైపుమిషను అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం ఉంది.

“ఎంత కోపంలో ఉన్నా, ఎవరైనా కత్తెర అడిగితే మొన తన వైపు తిప్పుకుని ఇచ్చేవారు.”

మూడుసార్లు చదివాను. అలా ఇస్తానని నాకు తెలియదు. ఒట్టు, ఎప్పుడూ చూసుకోలేదు.

“ఏం రాశారు?” అంది చెల్లెలు. చూపించాను.

“ఇదా? ఇంట్లోనూ అంతేగా. చిన్నప్పటి నుంచీ అంతే.”

“నీకు తెలుసా?”

“తెలియకేం.”

“మరి ఒక్కసారైనా చెప్పలేదేమే?”

“నువ్వు అరుస్తుంటే ఎక్కడ చెప్పను? ఇదొక్కటేనా, ఇంకా చాలా ఉన్నాయి.”

బస్సు వచ్చింది. మేం కదలకపోయేసరికి కండక్టరు విసుక్కుని గంట కొట్టాడు, బస్సు వెళ్లిపోయింది. కార్డు మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

“ఇప్పుడు చెప్పవే” అన్నాను. “అరవను.”